మాత్రే తలనొప్పి తెస్తోందంటే ఎవరూ నమ్మరు: మైగ్రేన్ అపోహలు, వాస్తవాలు

కావలిలో మెడికల్ షాపు పెట్టి ఇరవై రెండేళ్లయింది. నేను డాక్టర్ని కాదు, ఫార్మసిస్టుని, అది ముందే చెప్పేస్తున్నా. కాకపోతే డాక్టర్ దగ్గరికి ఆరు నెలలకోసారి పోయే మనిషి మా కౌంటర్ దగ్గరికి వారానికి రెండుసార్లు వస్తాడు, ఎవరు ఏ మాత్ర ఎన్ని తీసకపోతున్నారో డాక్టర్ కంటే ముందు మాకే తెలిసిపోతుంది.

మొన్న సోమవారం పొద్దున షట్టర్ సగమే లేపి ఉన్నా, తుమ్మలపెంట వైపు నుంచి ఒకామె ఆటో దిగింది. తువ్వాల నుదుటికి బిగించి కట్టుకుంది, వెలుతురికి ఒక కన్ను తెరవలేకపోతోంది, లోపలికి రాగానే ట్యూబ్‌లైట్ ఆపమంది. "అన్నా, ఆ తలనొప్పి బిళ్ళలు రెండు షీట్లు ఇయ్యి." పోయిన వారమే కదమ్మా తీసకపోయావ్ అన్నా. "అయిపోయినయ్ అన్నా. పొద్దున ఒకటి, రాత్రికి ఒకటి. వేసుకోకపోతే పొయ్యి దగ్గర నిలబడలేను." వేసుకుంటే తగ్గుతోందా అని అడిగా. కాసేపు ఆలోచించి "తగ్గుద్ది, తెల్లారేసరికి మళ్లీ వచ్చుద్ది" అంది. రోజూ ఇట్టా ఎప్పట్నించి అంటే సంక్రాంతి నుంచి అంట. అంతకుముందు నెలకి మూడుసార్లో నాలుగుసార్లో వచ్చేదంట.

ఈ మాటలు ఇట్టానే, మనుషులు మారతారు తప్ప మాట మారదు, ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు.

అపోహ: నొప్పొస్తే మాత్ర వేసుకోవాల, రోజూ వస్తే రోజూ వేసుకోవాల, అంతేగా?

వాస్తవం: కాదు. మైగ్రేన్ ఉన్న మనిషి నొప్పి మాత్రలు ఒక లెక్క దాటి వాడితే ఆ మాత్రలే తలనొప్పి తెప్పిస్తాయి. దీనికి మెడికేషన్ ఓవర్‌యూజ్ హెడేక్ అని పేరు కూడా ఉంది, నేను కనిపెట్టింది కాదు. లెక్క ఏందంటే, పారాసిటమాల్, ఐబుప్రొఫెన్, నాప్రోక్సెన్ లాంటి మామూలువి నెలలో 15 రోజులు అంతకన్నా ఎక్కువ, అదే మైగ్రేన్‌కని ప్రత్యేకంగా ఇచ్చే ఎర్గోటమిన్ ఉన్నవి, ట్రిప్టాన్లు, గట్టి నొప్పి మందు ట్రమడాల్, ఇంకా పారాసిటమాల్‌లో కెఫీన్, ఇంకోటి, ఇంకోటి కలిపేసి వచ్చే కాంబినేషన్లు అయితే నెలలో 10 రోజులు చాలు. ఇట్టా మూడు నెలలకి పైన నడిస్తే, నెలకి నాలుగుసార్లు వచ్చే నొప్పి 15 రోజులు, 20 రోజులు, ఆఖరికి రోజూ అవుతుంది. ఇంకో సంగతి, లెక్క రోజులది, బిళ్ళలది కాదు. ఒకే రోజు రెండు వేసుకుంటే అది ఒక రోజే. రోజుకి "ఒక్కటే కదా" అని ముప్పై రోజులు వేసుకునేవాళ్లే ఎక్కువ ఇరుక్కునేది.

"మా నాయన మోకాళ్ల నొప్పికి ఐదేళ్ల నుంచి రోజూ వాడతన్నాడు, ఆయనకేం తలనొప్పి రాలేదే" అంటారు. మంచి ప్రశ్నే. ముందునుంచి తలనొప్పి జబ్బు లేని మనిషికి ఇది మామూలుగా రాదు, మైగ్రేన్ ఉన్నవాళ్ల మెదడు తీరే వేరు, మాటిమాటికి మందు పడేకొద్దీ నొప్పిని పట్టే నరాలు ఇంకా సున్నితమవుతాయి, చిన్నదానిక్కూడా ఎగిరిపడతాయి. మందు దిగిపోతుంటే నొప్పి లేస్తుంది, మళ్లీ మందు. కొరివితో తల గోక్కోవటం అంటే ఇదే. (నాయనకి తలనొప్పి రాకపోవచ్చు గానీ కిడ్నీల సంగతి చూపించుకోమనండి, అది వేరే పోస్టు.)

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే ఈ తప్పు నేనే చేశా, అదీ సొంత అక్కకి.

మా అక్కది కలిగిరి దగ్గర పల్లె. పొగాకు గ్రేడింగ్ రోజుల్లో ఆ ఘాటుకి, నిద్ర లేమికి నొప్పి లేచేది, నాకు ఫోన్ చేసేది, నేను షీట్లు కవర్లో పెట్టి బస్సులో తెలిసినోళ్ల చేత పంపించేవాణ్ణి. మొదట నెలకి ఒక షీటు. తర్వాత రెండు. తర్వాత "డబ్బానే పంపించరా, మాటిమాటికి ఎందుకు" అంది, పంపించా. తమ్ముడికి షాపుందని ఊళ్లో గొప్పగా చెప్పుకునేది కూడా. రెండేళ్లకి మనిషి సగమైంది, పెళ్లిళ్లకి పోదు, టీవీ పెట్టనీదు, మనవడు గట్టిగా నవ్వితే కసురుకునేది. నెల్లూరు తీసకపోయి న్యూరాలజిస్టుకి, అంటే మెదడు నరాల డాక్టర్‌కి, చూపించాం. ఆయన అంతా విని ఒకటే అడిగాడు, "నెలలో ఎన్ని రోజులు మాత్ర వేసుకుంటావమ్మా?" అక్క నా మొహం చూసింది. నేను గోడ మీద మెదడు బొమ్మ చూస్తా కూర్చున్నా. "మా తమ్ముడిదే షాపు సార్" అంది. ఆయన కళ్లజోడు పైకి జరిపి నన్ను ఒక్క చూపు చూశాడు చూడండి, బి.ఫార్మసీ పట్టా అక్కడే ఇచ్చేసి రావాలనిపించింది.

ఆ మాత్రలు ఆపించాడు. ఆపితే ఏమవుతుందో కూడా ముందే చెప్పాడు, రెండు రోజుల నుంచి పది రోజుల దాకా నొప్పి ఇంకా ఎక్కువవుతుంది, వాంతులు, నిద్ర పట్టకపోవటం ఉంటాయి, కొందరికి ఇంకొన్నాళ్లు కూడా పట్టొచ్చు అని. చాలామంది ఈడే ఓడిపోతారు, "చూశావా, మాత్ర ఆపితే చచ్చిపోయేటట్టున్నా, అంటే మాత్ర కావాలనేగా" అని మళ్లీ మొదలెడతారు. మా అక్క మూడో రోజు రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి "షాపు నిండా మందులు పెట్టుకోని తోడబుట్టినదానికి ఒక్క బిళ్ళ ఇయ్యలేవా" అని ఏడ్చింది. ఏం చెప్పను. పదో రోజు పొద్దున ఫోన్ చేసి "లేదురా ఇయ్యాల" అంది, అంతే, పెట్టేసింది.

ఒక జాగ్రత్త: పారాసిటమాల్ లాంటివి ఒక్కసారే ఆపేయొచ్చు గానీ ట్రమడాల్ లాంటివీ నిద్ర మాత్రలూ రోజూ వాడేవాళ్లు సొంతంగా ఆపొద్దు, డాక్టర్ చెప్పినట్టు మెల్లగా తగ్గించుకోవాల. ఇంక మామూలు రోజుల్లో లెక్క, నేను కౌంటర్లో చెప్పేది, నొప్పి మాత్ర వారానికి రెండు రోజులు మించొద్దు. వేసుకునే రోజు మాత్రం నొప్పి లేస్తున్నప్పుడే సరైన డోసు వేసుకోండి, వాంతులయ్యేదాకా ఓర్చుకుని తర్వాత వేసుకుంటే పొట్టలో అది కదలదు. వారానికి రెండు రోజులు సరిపోవట్లేదంటే ఇంకో షీటు కాదు మీకు కావాల్సింది, రాకుండా ఆపే మందు.

అపోహ: తలనొప్పని పోతే ఫిట్స్ మాత్ర రాశాడు, డాక్టర్‌కి తెలీదు.

తెలుసు. చీటీ తెచ్చి, గూగుల్‌లో చూసి, నా మీద విసిరేసినంత పని చేస్తారు. ప్రొప్రనోలాల్ చూస్తే "నాకు బీపీ లేదే", టోపిరమేట్ చూస్తే "నాకు మూర్ఛ ఉందని ఊరంతా అనుకుంటే అమ్మాయి పెళ్లెట్టా", అమిట్రిప్టిలిన్ చూస్తే "నన్ను పిచ్చిదనుకున్నాడా". ఒకే మందు రెండు మూడు పనులకి వాడతారమ్మా, ఇవి మైగ్రేన్ రాకుండా ఆపటానికి ఎన్నో ఏళ్లుగా వాడుతున్నవే, డోసు వేరు, పని వేరు. ఫ్లూనరిజిన్ కూడా ఈ కోవదే. ఇవి నొప్పొచ్చినప్పుడు వేసుకునేవి కాదు, నొప్పి ఉన్నా లేకున్నా రోజూ వేసుకోవాల, గుణం కనపడటానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. మనోళ్లు ఎనిమిదో రోజే "పనిచెయ్యలా" అని మానేస్తారు. నొప్పి మొత్తం పోవటం కాదు, నెలకి పన్నెండుసార్లు వచ్చేది ఆరుకి దిగితే మందు పనిచేసినట్టే. మళ్లీ ఇవి ఏవి పడితే అవి, పక్కింటావిడ చీటీ చూపించి తీసుకునేవి కావు. ఆయాసం (ఉబ్బసం) ఉన్నవాళ్లకి ప్రొప్రనోలాల్ కుదరదు, కడుపుతో ఉన్నవాళ్లకి, పిల్లల కోసం చూస్తున్నవాళ్లకి టోపిరమేట్, వాల్ప్రోయేట్ (ఇదీ ఫిట్స్ మందే) అసలొద్దు, ఫ్లూనరిజిన్‌తో బరువు పెరుగుతారు, మత్తుగా ఉంటుంది. అన్నీ డాక్టర్‌కి చెప్పి రాయించుకోండి.

మిగతావి గబగబా చెప్పేస్తా.

సైనస్ అనుకుని ఏళ్ల తరబడి ఆవిరి పట్టేవాళ్లు చాలామంది. మైగ్రేన్‌లో కూడా ముక్కు కారుతుంది, కళ్ల కింద బరువుగా ఉంటుంది. చీమిడి పచ్చగా లేదు, జ్వరం లేదు, కానీ వెలుతురు పడదు, కడుపులో తిప్పుతుంది, పని చేస్తే ఎక్కువవుతుంది అంటే అది ఎక్కువ శాతం సైనస్ కాదు. కళ్లజోడు మార్చుకుంటే పోతుందనేది ఇంకోటి, మూడు జోళ్లు మార్చినవాళ్లని చూశా. ఇంక పొద్దు పొడవకముందు పోయి ముక్కులో పసరు పోయించుకొచ్చే బాపతు, వాళ్లతో నేను వాదన మానేశా, పిచ్చి కుదిరింది రోకలి తలకి చుట్టమన్నట్టే ఉంటుంది. స్కాన్ తీస్తే అన్నీ బయటపడతాయనుకుంటారు, మైగ్రేన్ స్కాన్‌లో కనపడదు, నార్మల్ అని వస్తే జబ్బు లేదని కాదు, నటిస్తున్నారని అసలే కాదు. ఈ మాట ముఖ్యంగా అత్తగార్లకి. ఆడవాళ్లలో ఇది మగవాళ్ల కంటే దాదాపు మూడు రెట్లు ఎక్కువ, నెలసరి దగ్గర హార్మోన్ పడిపోయినప్పుడు లేస్తుంది, సాకు కాదు. కళ్ల ముందు మెరుపు గీతలు, వంకర గీతలు కనపడి ఆ తర్వాత నొప్పి వచ్చేవాళ్లు ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు సొంతంగా కొనుక్కోవద్దు, పక్షవాతం ముప్పు పెరుగుతుంది.

బ్రెయిన్ ట్యూమరేమో అని రాత్రిళ్లు నిద్రపోనివాళ్లకి ఒక మాట. ఏళ్లుగా ఒకే తీరుగా వచ్చి పోతా ఉండే నొప్పి ట్యూమర్ కావటం చాలా అరుదు. భయపడాల్సినవి వేరే: ఒక్కసారిగా పిడుగు పడ్డట్టు ఎన్నడూ లేనంత నొప్పి, జ్వరంతో మెడ బిగుసుకోవటం, చెయ్యి కాలు పట్టుతప్పటం, మాట తడబడటం, 50 దాటాక కొత్తగా మొదలైన నొప్పి, తలకి దెబ్బ తగిలాక వచ్చేది, కాన్పుకి ముందూ వెనకా వచ్చే గట్టి తలనొప్పి. అప్పుడు నా షాపుకి కాదు, నేరుగా ఆస్పత్రికి.

రాకుండా చూసుకునేది అంటే చాక్లెట్ మానండి, వంకాయ మానండి అని పెద్ద లిస్టులు తిప్పుతుంటారు, అన్నీ అందరికీ వర్తించవు. నేను చూసినంతలో మన వైపు కొంప ముంచేవి నాలుగే, ఖాళీ కడుపు, తప్పిన నిద్ర, ఎండ, నీళ్లు తాగకపోవటం. కార్తీక సోమవారాలు ఉపవాసమున్న మర్నాడు, రంజాన్ మొదటి వారంలో, రోహిణి కార్తె ఎండల్లో మా కౌంటర్ చూస్తే తెలుస్తుంది. రొయ్యల గుంటల దగ్గర రాత్రంతా ఏరేటర్లు చూసుకుని పగలు పన్నెండు దాకా పడుకునే కుర్రాళ్లు కూడా అంతే. నిద్ర తక్కువైనా వస్తుంది, ఆదివారం ఎక్కువైనా వస్తుంది. టీ కాఫీలు రోజుకి ఆరేడు తాగి ఒక్కసారిగా మానేసినా వస్తుంది, మెల్లగా తగ్గించండి. గోడకున్న క్యాలెండర్లో నొప్పొచ్చిన రోజు ఎర్ర చుక్క, మాత్ర వేసుకున్న రోజు నీలం చుక్క పెట్టండి. మూడు నెలల క్యాలెండర్ తీసకపోతే డాక్టర్‌కి మీ కథ చెప్పాల్సిన పనే లేదు.

తుమ్మలపెంట ఆమెకి ఆ రోజు రెండు షీట్లు ఇవ్వలా. కోప్పడింది, ఇంకో షాపుకి పోతానంది, పోయిందేమో కూడా. చీటీ వెనక నెల్లూరులో న్యూరాలజిస్టుని అడగాల్సిన సంగతులు రాసిచ్చా, అది మాత్రం మడిచి రవికెలో పెట్టుకుంది.

మా అక్క క్యాలెండర్లో పోయిన నెల ఎర్ర చుక్కలు ఐదు. నీలం చుక్కలు నాలుగు. ఆ ఐదోది నా లెక్కలో రాసుకోమంది, మా అమ్మాయి ఓణీల ఫంక్షన్లో భోజనాల బంతి మూడింటికి గానీ లేవలేదు, డీజే బాక్సు పక్కనే కుర్చీ వేశారంట ఆమెకి.