విలేకరి చదువు మన జిల్లాల్లో ఎక్కడ దొరికింది

డిగ్రీ అడ్మిషన్లు జరుగుతున్న రోజుల్లో కనిగిరి నుంచి మా తమ్ముడి కూతురు ఫోన్ చేసింది. "పెదనాన్నా, నాకు జర్నలిజం చదవాలనుంది. దగ్గర్లో ఎక్కడన్నా మంచిది ఉండాదా, లేకుంటే తిరుపతి పోవాల్నా?" అనడిగింది. ఒంగోలు, నెల్లూరు డెస్కుల్లో ఇరవై ఏళ్లకు పైగా వార్తలు దిద్దినవాణ్ణి. అయినా వెంటనే జవాబు చెప్పలేకపోయాను. నేనెరిగిన పిల్లల్లో ఈ చదువు కోరుకున్నవాళ్లు ఎక్కువమంది తిరుపతికో హైదరాబాదుకో బస్సెక్కినవాళ్లే. మీడియా విభాగం పెట్టాలని ఇప్పుడు మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల కాలేజీలకూ మనసవుతోంది. స్టూడియో, కెమెరాలు, వెనక పచ్చగుడ్డ, నాలుగు కంప్యూటర్లు ఉంటే సరిపోతుందని కొందరు, మంచి తెలుగు నేర్పితే చాలని మరికొందరు వాదిస్తున్నారు. ఈ రెండు మాటల మధ్య వందేళ్లకు పైబడిన చరిత్ర ఉంది. అది తెలియకుండా విభాగం తెరిస్తే నాలుగేళ్లకే తలుపులు మూసుకోవాల్సి వస్తుందని నా భయం.

మొదటగా చెప్పుకోవాల్సిన పేరు దంపూరు నరసయ్య. నెల్లూరు మనిషి. 1881లో మద్రాసులో 'పీపుల్స్ ఫ్రెండ్' అనే ఇంగ్లీషు వారపత్రిక మొదలుపెట్టి చాలా ఏళ్లు నడిపాడు. తెలుగువాళ్లలో ఇంగ్లీషు పత్రికారచనకు దారి వేసిన తొలితరం వాడు. ఆయన జీవితంలో నన్ను కట్టిపడేసేది మాత్రం చివరి అంకం. మద్రాసులో అంత పేరు తెచ్చుకున్న మనిషి తిరిగి వచ్చి, పల్లెల్లో ఉండేవాళ్ల కోసం తెలుగులో 'ఆంధ్ర భాషా గ్రామ వర్తమాని' పత్రిక తెచ్చాడు. పత్రిక పేరులోనే గ్రామం ఉంది. ఊరికి పత్రిక అవసరమని మన జిల్లా మనిషికి అప్పుడే తోచింది. ఆయనకు జర్నలిజం నేర్పిన కాలేజీ లేదు. అప్పటికి అలాంటి కాలేజీ ప్రపంచంలోనే లేదు. అమెరికాలోని మిస్సోరీ విశ్వవిద్యాలయం జర్నలిజం స్కూలు తెరిచింది 1908లో.

తర్వాతి పాఠశాల ఒక పత్రికాఫీసు. 1921లో టంగుటూరి ప్రకాశం మద్రాసులో 'స్వరాజ్య' దినపత్రిక పెట్టారు. బారిస్టరుగా సంపాదించిందంతా దానికే ధారపోశారు. జీతాలు నెలల తరబడి అందకపోయినా అక్కడ పనిచేసినవాళ్లు నేర్చుకున్నది తక్కువేం కాదు. కావలిలో 1896లో పుట్టిన ఖాసా సుబ్బారావు అక్కడ పని నేర్చినవాడే. ఉప్పు సత్యాగ్రహంలో పోలీసుల లాఠీ దెబ్బలు తిన్నాడు, తర్వాత 'స్వతంత్ర' వారపత్రికకు సంపాదకుడయ్యాడు. చీరాలకు చెందిన కోటంరాజు రామారావు కూడా స్వరాజ్యలో పనిచేశాడు. 1938లో లక్నోలో నేషనల్ హెరాల్డ్ మొదలైనప్పుడు దాని తొలి సంపాదకుడు ఆయనే. అన్న కోటంరాజు పున్నయ్య కరాచీలో సింధ్ అబ్జర్వర్ నడిపాడు. చీరాల 1970లో ఏర్పడ్డ ఒంగోలు జిల్లాలో చేరింది. ఆ జిల్లాకు 1972లో ప్రకాశం పేరు పెట్టారు. 2022లో చీరాల బాపట్ల జిల్లాలోకి వెళ్లింది. ఇన్ని సరిహద్దులు మారినా, కావలికీ చీరాలకూ మధ్యనున్న ఈ తీరం దేశానికి సంపాదకుల్ని ఇచ్చిందన్న మాట మారదు.

వీళ్లందరూ రాసింది ఎక్కువగా ఇంగ్లీషులో, ఉన్నది బయటి నగరాల్లో. జిల్లాలోనే ఉండి జిల్లా కోసం రాసిన ధార వేరు. వెంకటగిరి జమీందారీ రైతుల పోరాటంలోంచి పుట్టిన 'జమీన్ రైతు' వారపత్రిక నెల్లూరు నుంచి దశాబ్దాల తరబడి వచ్చింది. మా నాన్న తరానికి అది శుక్రవారం చదివే పత్రిక మాత్రమే కాదు, రాయడం నేర్చుకునే పలక కూడా. స్కూలు మాస్టర్లు, కరణాల పిల్లలు, గుమాస్తాలు దానికి ఊరి సంగతులు కార్డు మీద రాసి పంపేవాళ్లు. అచ్చయిన ముక్కను తాము పంపిన ముక్కతో పోల్చుకుని, ఎక్కడ కోత పడిందో చూసుకునేవాళ్లు. ఆ కోతే వాళ్లకు పాఠం.

విశ్వవిద్యాలయాల్లోకి ఈ చదువు ఆలస్యంగా వచ్చింది. ఉస్మానియాలో జర్నలిజం విభాగం 1954లో మొదలైంది. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం పుట్టిందీ అదే ఏడాది. నెల్లూరు కాలేజీలు చాలాకాలం దాని కిందే ఉన్నాయి, ఒంగోలు వైపువి 1976 తర్వాత నాగార్జున విశ్వవిద్యాలయం కిందికి వచ్చాయి. నెల్లూరుకు విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం వచ్చింది 2008లో, ఒంగోలుకు ఆంధ్ర కేసరి విశ్వవిద్యాలయం 2022లో. అంటే మన రెండు జిల్లాల చదువు ఎటు నడవాలో తేల్చే కుర్చీలు చాలాకాలం తిరుపతిలోనూ గుంటూరు దగ్గరా ఉన్నాయి. అక్కడివాళ్లు మనకు అన్యాయం చేశారని నేననను. ఏ విభాగమైనా తానున్న ఊరి అవసరాలను ముందు చూస్తుంది, అంతే.

ఈలోగా అసలు బడి మరోచోట తెరుచుకుంది. 1974లో విశాఖలో మొదలైన ఈనాడు, 1989లో జిల్లాకో టాబ్లాయిడు, అంటే జిల్లా వార్తలతో చిన్న సైజు అనుబంధం, తెచ్చింది. మిగతా పత్రికలూ అదే బాట పట్టాయి. అప్పటిదాకా రాష్ట్ర పత్రికలో జిల్లా వార్తకు ఏ మూలనో రెండు అంగుళాలు దొరికేది. ఒక్కసారిగా రోజూ ఎనిమిది, పన్నెండు పేజీలు నింపాల్సి వచ్చింది. మండలానికో విలేకరి కావాల్సొచ్చాడు. ఎరువుల కొట్టు నడిపేవాడు, ట్యూషన్లు చెప్పేవాడు, ఎల్‌ఐసీ ఏజెంటు, నిరుద్యోగ పట్టభద్రుడు అందరూ విలేకరులయ్యారు. సాయంత్రం నాలుగింటికల్లా వార్తల కవరు ఆర్టీసీ బస్సు డ్రైవరు చేతికిచ్చేవాళ్లు. పామూరు నుంచో ఉదయగిరి నుంచో ఆ కవరు డెస్కుకు చేరేసరికి చీకటిపడేది. తర్వాత ఫ్యాక్సు వచ్చింది, ఆపైన మోడెం. కాలమ్ సెంటీమీటరు లెక్కన డబ్బులిచ్చేవాళ్లు.

నేను నేర్చుకున్నది అక్కడే. 'పలువురు గాయపడ్డారు' అని ఒక కవరులో వచ్చిన వాక్యాన్ని మా ఇన్‌ఛార్జి ఎర్రసిరాతో చుట్టి, "పలువురంటే ఎందరబ్బయ్యా? ఏ ఆస్పత్రిలో ఉన్నారు?" అని ఆ రాత్రే ఫోన్ చేయించారు. ఆ విలేకరి సైకిలు మీద ఆస్పత్రికి వెళ్లి పేర్లు రాసుకొచ్చాడు. ఎన్ని సెమిస్టర్లు చదివినా ఆ అలవాటు పుస్తకం నుంచి రాదు.

ఆ బడికి పెద్ద పరీక్ష 1992లో వచ్చింది. నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత కార్యక్రమం నడుస్తున్న రోజులవి. రాత్రి బడుల్లో చదివే వాచకంలోనే సారా మీద తిరగబడిన ఆడవాళ్ల కథ పాఠంగా ఉంది. కలిగిరి మండలం దూబగుంటలో మహిళలు సారా అంగడి మూయించారు. రోశమ్మ పేరు రాష్ట్రమంతా వినపడింది. ఊరూరికీ ఉద్యమం పాకడంలో జిల్లా పేజీల పాత్ర చాలా పెద్దది. పొద్దున ఒక ఊళ్లో జరిగింది మరునాటికల్లా పక్క మండలంలో అక్షరాలు కూడబలుక్కుని చదివేవాళ్లు. కొత్తగా చదువు నేర్చిన ఆడవాళ్లకు పత్రికే రెండో వాచకమైంది. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం అమల్లోకి వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. ఆ తర్వాత దానికేమైందో అందరికీ తెలుసు. కానీ ప్రభుత్వాన్ని కదిలించిన ఆ వార్తలు రాసినవాళ్లలో జర్నలిజం డిగ్రీ ఉన్నవాళ్లు నాకు తెలిసి వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. వాళ్లకున్నది ఊరి పరిచయం, వెనకనుండి ప్రశ్నలడిగే డెస్కు.

ఆ బడిలో లోపం కూడా ఉంది, దాన్ని దాచకూడదు. అది జీతం లేని బడి. 1955 నాటి వర్కింగ్ జర్నలిస్టుల చట్టం ప్రధాన వృత్తిగా పత్రికాపని చేసేవాళ్లకు రక్షణ ఇచ్చింది. మండల విలేకరి ఆ లెక్కలోకి రాకుండా కాంట్రిబ్యూటరనే పేరుతో బయట మిగిలిపోయాడు. వేతన సంఘాలు వచ్చి పోయాయి, 2011లో మజీఠియా వేతన సంఘం సిఫార్సులు నోటిఫై అయ్యాయి, పల్లె విలేకరికి మాత్రం అక్రిడిటేషన్ కార్డు, బస్ పాసు తప్ప పెద్దగా దక్కలేదు. దాని మీద ప్రకటనల టార్గెట్లు, చందాల టార్గెట్లు పడ్డాయి. రాయడానికి వచ్చినవాడు ప్రకటన అడగడానికి అదే ఆఫీసర్ల దగ్గరికి, అదే కాంట్రాక్టర్ల దగ్గరికి వెళ్లాల్సి వస్తే వాడు వాళ్ల మీద ఏం రాస్తాడు? మంచి కలాలు చాలా మూలబడింది ఇక్కడే. నా స్నేహితుల్లో ఇద్దరు అలా రాయడం మానేసి రొయ్యల దాణా డీలర్లయ్యారు.

2004లో టీవీ9తో తెలుగులో ఇరవైనాలుగ్గంటల వార్తలు ఊపందుకున్నాయి. పెద్ద పత్రికలు సొంత జర్నలిజం స్కూళ్లు పెట్టుకున్నాయి. పరీక్ష పెట్టి తీసుకుని, స్టైపెండ్ ఇచ్చి, కొన్నేళ్లు పనిచేస్తామని కాగితం రాయించుకుని నేర్పేవాళ్లు. మన జిల్లాల పిల్లలు చాలామంది ఆ దారిలో పైకొచ్చారు, ఆ శిక్షణ గట్టిది కూడా. కానీ అది సంస్థకు కావాల్సినంత వరకే నేర్పింది. ఇప్పుడు పత్రికల పేజీలు తగ్గాయి, జిల్లా టాబ్లాయిడ్లు ప్రధాన సంచికలో కలిసిపోయాయి, డెస్కుల్లో మనుషులు తగ్గారు. పలువురంటే ఎందరని ఫోన్ చేసి అడిగే ఇన్‌ఛార్జి పోస్టు చాలాచోట్ల లేదు. ఊళ్లో ప్రతి కుర్రాడి దగ్గరా మైకు గుర్తు, యూట్యూబ్ ఛానలు ఉన్నాయి. వాళ్లను నేను చిన్నచూపు చూడను. వాళ్లకు దిద్దేవాళ్లు లేరన్నదే నా బాధ.

కాలేజీ మీద బరువు పడింది ఇందుకే. డిగ్రీ చదువు నిర్మాణం కూడా ఈలోగా మారింది. 2020 నుంచి మన రాష్ట్రంలో డిగ్రీ విద్యార్థులకు ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు. సమాజ సేవ ప్రాజెక్టు, వేసవిలో రెండు నెలల పని, ఒక సెమిస్టరంతా సాగే సుదీర్ఘ ఇంటర్న్‌షిప్ ఉన్నాయి. 2023 నుంచి మూడు సబ్జెక్టుల కాంబినేషన్ పోయి ఒకటే మేజర్, అంటే ఒకే ప్రధాన సబ్జెక్టు, పద్ధతి వచ్చింది. జర్నలిజానికి ఇది మంచో చెడో ఇంకా తేలలేదు. పాత పద్ధతిలో చరిత్ర, రాజనీతితో పాటు జర్నలిజం చదివేవాళ్లు. ఊరి పంచాయతీ ఎలా నడుస్తుందో తెలియనివాడికి కెమెరా ఇస్తే ఏం చూపిస్తాడు? మరోవైపు, 2021లో డిగ్రీ కోర్సులన్నీ ఇంగ్లీషు మీడియంలోకి మార్చాలని ప్రభుత్వం నిర్ణయించింది. ద్విభాషా పాఠ్యపుస్తకాలు వచ్చాయి. అయినా తెలుగు పత్రికకు, తెలుగు ఛానలుకు రాయబోయే పిల్ల పరీక్ష ఇంగ్లీషులో రాయాలి. ఇంగ్లీషు రావాలి, సందేహం లేదు. కోర్టు తీర్పులు, సర్కారు పత్రాలు చదవాలంటే తప్పదు. కానీ వార్త దిద్దడం అనేది తెలుగులోనే నేర్పాల్సిన విద్య.

మిస్సోరీ ప్రస్తావన ఊరికే తేలేదు. అక్కడ మొదటి రోజు తరగతులతో పాటే విద్యార్థుల పత్రిక బయటికొచ్చింది. అది కాలేజీ వార్షికోత్సవ సంచిక లాంటిది కాదు, ఊరివాళ్లు వార్తల కోసం చదివే పత్రిక. 1953 నుంచి ఆ విశ్వవిద్యాలయానికి సొంత టీవీ స్టేషను కూడా ఉంది. తప్పు రాస్తే మార్కులు పోవడంతో తీరదు, ఊళ్లోవాళ్లు గుమ్మంలోకి వచ్చి నిలదీస్తారు. మనకు అంత పెట్టుబడి ఉండకపోవచ్చు. కానీ విద్యాసంస్థలు కమ్యూనిటీ రేడియో పెట్టుకోవచ్చని కేంద్రం 2002లోనే అనుమతించింది. 2004లో చెన్నైలో అన్నా విశ్వవిద్యాలయం దాన్ని చేసి చూపింది. సొంతంగా వార్తాబులెటిన్ ఇవ్వడానికి ఈ రేడియోకు వీల్లేదు, కానీ వాతావరణం, మార్కెట్ ధరలు, స్థానిక సమాచారం చెప్పొచ్చు. పది కిలోమీటర్ల మేర వినపడినా ఒక తీరం మండలానికి చాలు.

ఇక పాఠాలు. అవి మన నేల నుంచే రావాలి. కనిగిరి వైపు నీళ్లలో ఫ్లోరైడ్ ఉంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు తాగడానికి పనికిరావు. ప్రయోగశాల నివేదిక చేతికిస్తే ఆ అంకె ఎక్కడుందో వెతికి, అది ఏ బోరుదో, ఏ నెలదో అడగడం ఒక తరగతి. రొయ్యల సాగు మీద సుప్రీంకోర్టు 1996 డిసెంబరులో ఇచ్చిన తీర్పును చదివి, తీరంలో గుంట తవ్వుకున్న రైతునూ, ఉప్పు తేలిన బావి పక్కింటివాళ్లనూ కలవడం మరొకటి. పొగాకు వేలంకేంద్రంలో నిలబడి బేలు ధర ఎలా పడుతుందో రాయడం, చీమకుర్తి గ్రానైట్ క్వారీలో పేలుడు అనుమతి పత్రం చూడమని అడగడం, ఇవన్నీ తరగతులే. 2021 నవంబరులో పెన్నకు వరదొచ్చి పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు మునిగాయి. పైనున్న సోమశిల జలాశయం నుంచి ఎన్ని క్యూసెక్కులు వదిలారు, ఆ నీళ్లు నెల్లూరు చేరడానికి ఎన్ని గంటలు పడుతుంది అని లెక్కవేయగలిగిన పిల్లలు ఆ రాత్రి పదిమంది ఉంటే, ఫోన్లలో తిరిగిన వదంతులకు జవాబు దొరికేది. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు రాయడం మొదటి సెమిస్టర్లోనే నేర్పొచ్చు, పది రూపాయల ఖర్చు.

నేర్పేవాళ్ల సంగతి కూడా ఉంది. పీహెచ్‌డీ, నెట్ (అధ్యాపక అర్హత పరీక్ష) ఉన్నవాళ్లనే తీసుకోవాలన్న నియమాల మధ్య, ముప్పై ఏళ్లు మండలాల్లో తిరిగిన రిటైర్డు విలేకరి తరగతి గదిలోకి రావడం కష్టం. అతిథి అధ్యాపకుడిగానైనా పిలిచి, గంటకింత అని ఇచ్చి, పిల్లల కాపీలు దిద్దించాలి. ఆ పని చేయగలవాళ్లు కందుకూరులో, ఆత్మకూరులో, మార్కాపురంలో ఇంకా బతికే ఉన్నారు. పదేళ్లాగితే ఉండరు.

మా తమ్ముడి కూతురికి ఇదంతా ఫోన్లో చెప్పలేదు. నాలుగు కోర్సుల సిలబస్‌లు కలిసి చదివాం. ఒకదాంట్లో మాత్రమే ఊళ్లోకి వెళ్లి రాయాల్సిన పని కనపడింది. అది ఉన్నది హైదరాబాదులో. ఆడపిల్లను అంత దూరం పంపడానికి వాళ్లమ్మ ఒప్పుకోలేదు. చివరికి కనిగిరిలోనే ఎకనామిక్స్ మేజర్‌గా చేరింది. మొన్న తమ వీధిలోని ఆర్వో ప్లాంటు ఆరు నెలలుగా ఎందుకు మూతపడిందో రెండు పేజీలు రాసి నాకు ఫొటో తీసి పంపింది. 'చాలామంది ఇబ్బంది పడుతున్నారు' అని రాసిన చోట గుండ్రం చుట్టి తిప్పి పంపాను. సాయంత్రానికి నలభై మూడు ఇళ్ల పట్టిక వచ్చింది.