స్కూలు గీత వెనక డెట్రాయిట్ తీర్పు

అమెరికాలో ఏదైనా స్కూలు బోర్డు ‘రీడిస్ట్రిక్టింగ్’ (ఏ పేట పిల్లలు ఏ బడికి వెళ్లాలో తేల్చే గీతని మార్చడం) అనగానే మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ముందు మ్యాపు తిరుగుతుంది, తర్వాత ఇళ్ల ధరలు. జాతి మాట మాత్రం ఎవరూ ఎత్తరు. ‘ఆ స్కూలు రేటింగ్ ఎంత?’ అంటారు, అంతే. జాతిని బట్టి బడులు వేరు చేయకూడదన్న 1954 బ్రౌన్ తీర్పు కథ అందరికీ తెలిసిందే. ఇవాళ్టి గొడవ అర్థం కావాలంటే చూడాల్సింది 1974 జూలై 25న వచ్చిన మిల్లికెన్ వర్సెస్ బ్రాడ్లీ తీర్పు.

అప్పటికి డెట్రాయిట్ నగరం బడుల్లో మూడింట రెండొంతుల మంది దాకా నల్లజాతి పిల్లలే. తెల్లవాళ్లు నగరం హద్దైన ఎయిట్ మైల్ రోడ్డు దాటి శివార్లకి వెళ్లిపోయారు. తెల్ల, నల్ల పిల్లల్ని కలపాలంటే నగరం లోపలే అటూ ఇటూ మార్చి లాభం లేదని జిల్లా జడ్జి స్టీఫెన్ రాత్‌కి అర్థమైంది. 53 శివారు స్కూలు డిస్ట్రిక్టుల్ని (బడులు నడిపే స్థానిక పాలనా ప్రాంతాల్ని) కూడా కలిపి, సుమారు 7,80,000 మంది పిల్లల్ని ఒకే ప్రణాళిక కిందికి తెచ్చాడు. 295 బస్సులు కొనమని ఉత్తర్వు కూడా ఇచ్చాడు. సుప్రీంకోర్టు 5-4తో కొట్టేసింది. శివారు డిస్ట్రిక్టు తప్పు రుజువైతే తప్ప దాని హద్దు దాటించకూడదంది. పిల్లలు కలిసి చదవకపోతే రేపు మనుషులు కలిసి బతకడం ఎలా నేర్చుకుంటారని జస్టిస్ థర్‌గుడ్ మార్షల్ అసమ్మతి తీర్పులో అడిగారు.

స్థానిక ఆస్తిపన్ను మీద నడిచే బడుల మధ్య నిధుల తేడాని రాజ్యాంగం తప్పుపట్టదని అదే కోర్టు 1973లో, అదీ 5-4తోనే, చెప్పి ఉంది. రెండూ కలిపితే తల్లిదండ్రులకి అందిన కబురు ఒకటే: గీతకి అవతల ఇల్లు కొంటే ఆ డబ్బూ, ఆ క్లాసురూమూ మీవే. గీతకి ధర పుట్టింది అక్కడే. జాతిని బట్టి కొనేవాళ్లని ఒక పేటకి నడిపించడం 1968 ఫెయిర్ హౌసింగ్ చట్టం ప్రకారం నిషేధం. అందుకే ‘అక్కడ ఎవరుంటారు?’ అంటే ఏజెంటు నోరు విప్పడు. ఆ ఖాళీలోకి 1 నుంచి 10 దాకా స్కూలు రేటింగులు వచ్చి కూర్చున్నాయి. పరీక్ష మార్కుల మీద ఆధారపడ్డ రేటింగు చాలావరకు ఇంటి ఆదాయాన్నే చూపిస్తుంది. ఆదాయాన్ని చూసి పేటని ఎంచుకుంటే జాతిని విడిగా అడగక్కర్లేదు.

మరి 2019లో మేరీలాండ్‌లోని హోవర్డ్ కౌంటీలో స్కూలు హద్దుల మార్పు మీద అంత రగడ ఎందుకైంది? మేరీలాండ్‌లో కౌంటీ మొత్తానికి ఒకే డిస్ట్రిక్టు. రాష్ట్రమంతా కలిపి 24. కాబట్టి బోర్డు తల్చుకుంటే గీత కదులుతుంది, మిల్లికెన్ అడ్డు రాదు. పైగా ఆ కౌంటీలోని కొలంబియా, జాతులన్నీ కలిసి బతకాలని జేమ్స్ రౌజ్ 1967లో తెరిచిన ఊరు. ఆ ఊళ్లో పేటల్ని ‘విలేజ్’ అంటారు. అన్నిటికన్నా చివర కట్టిన విలేజ్ రివర్ హిల్‌లో ఎక్కువగా విడి ఇళ్లే. 2019 నాటికి అక్కడి హైస్కూల్లో పేద పిల్లలు 5 శాతం లోపు, మొదట కట్టిన విలేజ్ వైల్డ్ లేక్ హైస్కూల్లో 40 శాతం పైన.

గీత కదిపే పద్ధతి ఇదీ. కౌంటీని నంబర్లున్న చిన్న చిన్న ముక్కలుగా, ‘పాలిగన్లు’గా విడగొడతారు. విచారణలో తల్లిదండ్రులు పేరుతో పాటు పాలిగన్ నంబరు చెప్పుకుంటారు. స్కూలు సీట్లలో 90 నుంచి 110 శాతం నిండి ఉండాలన్నది లక్ష్యం, అంటే 1,500 సీట్ల స్కూలు 1,650 దాటకూడదు. ఒక పాలిగన్‌ని పక్క స్కూలుకి తోస్తే అది నిండిపోయి, అక్కణ్నుంచి మరొకటి కదపాల్సొస్తుంది. మిడిల్ స్కూలు నుంచి వెళ్లే గుంపు చేరే చోట 15 శాతం కన్నా తక్కువ ఉండకూడదన్నది ఇంకో నియమం. 300 మంది తరగతిలోకి ఒక బడి నుంచి 45 మంది కన్నా తక్కువ వెళ్తే ఆ పిల్లలు ఒంటరైపోతారని. చాలా మ్యాపులు బెడిసికొట్టేది ఈ రెండింటి దగ్గరే.

పిల్లవాడి జాతిని చూసి సీటు ఇవ్వకూడదని 2007లో సియాటిల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పేటల జనాభాని గమనించి హద్దులు గీయవచ్చని జస్టిస్ కెనెడీ విడిగా రాశారు. అప్పట్నుంచి బోర్డులకి సురక్షితమైన కొలత ఉచిత, తగ్గింపు ధర భోజనం తీసుకునే పిల్లల శాతమే. ఆ లెక్కతోనే సూపరింటెండెంట్ మైకేల్ మార్టిరానో దాదాపు 7,400 మందిని కదపాలన్నారు. 2019 నవంబరులో బోర్డు సుమారు 5,400 మంది దగ్గర ఆగింది.

విచారణల్లో చైనీస్, కొరియన్, భారతీయ తల్లిదండ్రులు పెద్ద సంఖ్యలో మాట్లాడారు. బస్సు ప్రయాణం పెరుగుతుంది, స్నేహాలు తెగుతాయి, ఈ స్కూలు కోసమే అప్పు చేసి ఇల్లు కొన్నాం అన్నారు. మొదటి రెండూ లెక్కకి అందే నష్టాలే. మూడోదానికి కాగితం లేదు: ఇంటి దస్తావేజులో స్కూలు పేరు ఉండదు. అమ్మకపు ప్రకటనలో కనిపించేది ఆనాటి హద్దు మాత్రమే, కొనే ముందు డిస్ట్రిక్టు వెబ్‌సైటులో చిరునామా కొట్టి చూసుకోవాలి.

తెలుగువాళ్లు దట్టంగా ఉన్న ఎడిసన్ న్యూజెర్సీలో ఉంది. అక్కడ డిస్ట్రిక్టులు దాదాపు 600, వాటి మధ్య గీత కదిపే బోర్డు లేదు, కాబట్టి డిస్ట్రిక్టుల మధ్య గీత మీద ఇలాంటి విచారణలూ లేవు. అయితే బడుల్లో జాతి విభజనని ఆ రాష్ట్ర రాజ్యాంగం 1947 నుంచే నిషేధించింది. దాన్ని పట్టుకుని, మిల్లికెన్ జోలికి పోకుండా రాష్ట్ర కోర్టులో 2018 మే 17న, బ్రౌన్ తీర్పు వచ్చిన తేదీనే, కేసు వేశారు. విభజన ఉందన్నది నిజమేనని, రాష్ట్రవ్యాప్తంగా మొత్తం వ్యవస్థే రాజ్యాంగ విరుద్ధమని మాత్రం రుజువు కాలేదని 2023 అక్టోబరులో జడ్జి అన్నారు.