ఎడారిలో వేలాడే వల: ఫీనిక్స్ బహిరంగ కళ వెనుక తగవు

అరిజోనా రాజధాని ఫీనిక్స్ నడిబొడ్డున, సివిక్ స్పేస్ పార్కులో ఆకాశానికి ఒక పెద్ద వల వేలాడుతుంటుంది. శిఖరం 145 అడుగుల ఎత్తున ఉంటుంది. పగటి ఎండలో కనిపించీ కనిపించనట్లుండే ఈ వల, పొద్దుగూకి దీపాలు వెలగగానే రంగు పుంజుకుంటుంది. ఋతువు మారితే ఆ రంగూ మారుతుంది. రాత్రివేళ విచ్చుకునే సగువారో జెముడు పువ్వును తలచుకుని శిల్పి జానెట్ ఎకెల్మన్ దీన్ని రూపొందించారు. 2009లో ఆవిష్కరించారు.

ఈ వలకు మన తూర్పు తీరంతో చుట్టరికం ఉంది. 1997లో ఎకెల్మన్ చిత్రప్రదర్శన కోసం మహాబలిపురం వచ్చారు. ఆమె రంగులు మాత్రం రాలేదు. ఏం చేయాలో తోచని ఆ రోజుల్లో, ఒడ్డున మత్స్యకారులు వలలను కుప్పపోయడం ఆమె కంటపడింది. బరువులేని శిల్పం అనే ఊహ అక్కడే పుట్టింది. బంగాళాఖాతం ఒడ్డున మొదలైన ఆలోచన చుక్క నీటికి కటకటలాడే ఊరిలో పూవై నిలవడం నన్ను ఇప్పటికీ కదిలిస్తుంది.

అయితే ఈ పువ్వు మొగ్గలోనే రాలిపోవలసింది. ఇరవై లక్షల డాలర్లు దాటిన ఖర్చు చూసి విమర్శలు చెలరేగాయి. నగరపాలకులు ఒక దశలో ప్రాజెక్టును ఆపేశారు కూడా. కళాకారులు, స్థానికులు పట్టుబట్టడంతో అది మళ్లీ ప్రాణం పోసుకుంది.

పాలకుల జంకుకు పాత గాయమే కారణం. ప్రజాపనుల నిధుల్లో ఒక శాతం వరకు కళకు కేటాయించేలా నగరం 1986లో శాసనం చేసింది. ఆ సొమ్ముతో 1992లో, అప్పట్లో స్క్వా పీక్ అని పిలిచిన రహదారి వెంట, శబ్దాన్ని ఆపే గోడల మీద, పక్కల పెద్ద పెద్ద కుండల శిల్పాలు పెట్టారు. ఖర్చు 4,74,000 డాలర్లు. ఊరంతా మండిపడింది. ఆ కోపంలో సగం కుండల మీద కాదని, తమ పేటలను చీల్చుకుంటూ పోయిన రోడ్డు మీదేనని నా అభిప్రాయం. తిట్లన్నీ కుండలకే దక్కాయి.

గోడబొమ్మల సంగతి వేరు. 1930ల చివర డౌన్‌టౌన్ తపాలా భవనంలో వేసినవి ప్రభుత్వ పనే. రూజ్‌వెల్ట్ వీధిలో వెలసినవి మాత్రం చాలావరకు ఎవరి అనుమతికీ, నిధులకూ ఎదురుచూడలేదు. అద్దె తక్కువని చేరిన కళాకారులు గోడలకు రంగులు పూశారు, జనం రాసాగారు. 2010లో వలసదారులను పోలీసులు నిలదీసేందుకు వీలిచ్చే ఎస్‌బి 1070 చట్టం వచ్చినప్పుడు, డౌన్‌టౌన్‌కు తూర్పున 16వ వీధిలో పాకశాస్త్ర నిపుణురాలు సిల్వానా సల్సిడో ఎస్పార్జా చొరవతో కళాకారులు గోడల మీదే తమ జవాబు రాశారు.

జనం వచ్చిన చోటికి నిర్మాణ సంస్థలూ వస్తాయి. రూజ్‌వెల్ట్ వీధిలో అపార్టుమెంట్ల కోసం 2015లో కూల్చిన ఒక పాత భవనంలో టెడ్ డిగ్రాజియా వేసిన బొమ్మలు ఉండేవి. పేరున్న చిత్రకారుడు కాబట్టి వాటిని విడదీసి కాపాడారు. గోడ సొంతదారుడిది. గోడను కూలిస్తే బొమ్మా పోతుంది, పేరులేని చిత్రకారుడి తరఫున అడిగేవారుండరు. కళాకారుల హక్కుల మీద 1990లో వచ్చిన ఫెడరల్ చట్టం కూడా, తీయగలిగిన బొమ్మ అయితే ముందుగా తెలియజేసి 90 రోజుల గడువు ఇమ్మంటుంది, అంతే.

నగరం తనదనుకున్న బొమ్మకు దక్కే ఆదరణ స్కై హార్బర్ విమానాశ్రయంలో చూడవచ్చు. 1962లో పాల్ కోజ్ చేసిన 75 అడుగుల వెడల్పైన కుడ్యచిత్రం టెర్మినల్ 2లో ఉండేది. ఆ టెర్మినల్ మూతపడ్డాక దాన్ని గోడ నుంచి జాగ్రత్తగా విడదీసి, అద్దె కార్ల కేంద్రంలో తిరిగి నిలబెట్టారు. పక్క ఊళ్లైన చాండ్లర్‌లోనో టెంపేలోనో ఉన్న బంధువుల ఇంటికి వచ్చే మనవాళ్లు కారు తాళాలు తీసుకునేది అక్కడే.