యాష్ చెట్టు ఆలస్యంగా ఎందుకు చిగురిస్తుంది?

మిషిగన్‌లో ఏప్రిల్ చివరికల్లా మేపుల్ చెట్లకు ప్రాణం లేచొస్తుంది. పక్కనే ఉన్న తెల్ల యాష్ (యాష్ చెట్లలో ఒక రకం) మాత్రం మే నెల వచ్చినా మోడుగానే నిలబడి ఉంటుంది. నోవై, కాంటన్ లాంటి ఊళ్లలో కొత్తగా ఇల్లు కొనుక్కున్న మనవాళ్ల పెరట్లో ఇంకా ఒకటి మిగిలి ఉంటే, చచ్చిపోయిందేమోనని టెన్షన్ పడటం సహజం. కొట్టించే ముందు కొన్ని వారాలు ఆగాలి. ఈ చెట్టు తీరే అంత.

కారణం దాని కట్టెలో ఉంది. వేర్లు పీల్చిన నీరు కాండంలోని సన్నటి గొట్టాల గుండా పైకెక్కుతుంది. వసంతంలో యాష్ వేసే గొట్టాలు మరీ వెడల్పు. మొద్దును అడ్డంగా నున్నగా కోసి చూస్తే, సూదితో వరసగా పొడిచినట్టు ఆ రంధ్రాలు ఒట్టి కంటికే కనిపిస్తాయి. వెడల్పు గొట్టంలో నీరు జోరుగా ఎక్కుతుంది. కానీ చలికాలంలో ఆ నీరు గడ్డకట్టి కరిగేటప్పుడు గాలి బుడగలు చేరి దారి తెగిపోతుంది. నిరుటి గొట్టాలు చాలావరకు పనికిరాకుండా పోతాయి. అందుకే ఏటా బెరడు కింద కొత్త గొట్టాల వలయం సిద్ధం చేసుకున్నాకే యాష్ ఆకు విప్పుతుంది. మేపుల్ గొట్టాలు సన్నం కాబట్టి చలిని తట్టుకుంటాయి, దానికి ఆ అవస్థ లేదు.

పూతకు మాత్రం ఆకుతో పని లేదు, ముందే వచ్చేస్తుంది. రేకులు లేని చిన్న ఊదారంగు గుత్తులు. ఆడ చెట్టు వేరు, మగ చెట్టు వేరు, పుప్పొడిని మోసేది గాలి. మన మల్లె, పారిజాతం కూడా ఈ కుటుంబానివే అంటే నమ్మబుద్ధి కాదు!

ఆకులు కొమ్మకు ఎదురెదురుగా జతలుగా వస్తాయి. ఒక్కో ఆకులో అయిదు నుంచి తొమ్మిది దాకా చిట్టి ఆకులుంటాయి, ఎక్కువగా ఏడు. శరత్తులో అవి పసుపు నుంచి ముదురు ఊదా దాకా రంగులు మారి, తొందరగానే రాలిపోతాయి. ఆడ చెట్టుకు ఒంటి రెక్క కాయలు గుత్తులుగా వేలాడుతాయి. వాటిని మొలకెత్తించాలంటే చలి చూపించాలి: తడి ఇసుకలో కలిపి రెండు మూడు నెలలు ఫ్రిజ్‌లో ఉంచాలి, లేదా శరత్తులోనే నేలలో వేసి వదిలేయాలి. కొన్ని రెండో వసంతం దాకా నిద్ర లేవవు, కుండీ పారబోయకండి.

నిజానికి ఈ చెట్టును గుర్తుపట్టడానికి చలికాలమే మంచిది. ఆకు రాలిన చోట కొమ్మ మీద మచ్చ మిగులుతుంది. ఆ మచ్చ నెలవంకలా ఉండి, దాని నొక్కులో గోధుమరంగు మొగ్గ కూర్చుని ఉంటే తెల్ల యాష్. మచ్చ పై అంచు తిన్నగా ఉంటే ఆకుపచ్చ యాష్.

ఉత్తర అమెరికా ఆదివాసులైన అనిషినాబె, వబనాకి తెగలవాళ్లు నల్ల యాష్ మొద్దును సుత్తితో కొడతారు. రంధ్రాలున్న వసంతపు పొర నలిగి, ఏ ఏడాది కట్టె ఆ ఏడాదికి పట్టీలుగా ఊడి వస్తుంది. వాటితోనే బుట్టలు అల్లుతారు. ఆ తరాల పనితనం ఇప్పుడు ఒక పురుగు వల్ల ప్రమాదంలో పడటం నాకు చాలా బాధ కలిగించే విషయం.

తూర్పు ఆసియాకు చెందిన ఆ పచ్చలరంగు పెంకు పురుగును 2002లో డెట్రాయిట్ దగ్గర గుర్తించారు. సరుకుల చెక్క ప్యాకింగ్‌లో అంతకు కొన్నేళ్ల ముందే వచ్చి ఉంటుందని అంచనా. సెంటీమీటరు పొడవుండే ఎదిగిన పురుగు ఆకులు కొరికినా చెట్టుకు పెద్ద నష్టం లేదు. దాని పిల్ల పురుగు బెరడు కింద మెలికలుగా తొలుచుకుంటూ పోతుంది. ఆకులు చేసిన ఆహారం కిందికి దిగే పొరను తినేసి, దాని లోపల ఉన్న కొత్త కట్టెను కూడా గీరేస్తుంది. యాష్‌కు నీళ్లందించేది ప్రధానంగా ఆ బయటి వలయమే కదా! అందుకే కొమ్మలు పైనుంచి ఎండుతూ వస్తాయి, చెట్టు మొదలు దగ్గర పిలకలు పుట్టుకొస్తాయి, కొన్నేళ్లలో చెట్టు పోతుంది. ఇలా కోట్ల చెట్లు పోయాయి.

మిరప, కంది రైతులకు బాగా తెలిసిన ఇమామెక్టిన్ బెంజోయేట్ మందునే ఇక్కడ కాండంలోకి ఇంజెక్షన్‌గా ఎక్కిస్తారు. ఒక్క డోసు రెండు మూడేళ్లు కాపాడుతుంది. అడవి మొత్తానికి అలా చేయడం కుదరదు కాబట్టి, 2007 నుంచి ఈ పురుగును చంపే చిన్న కందిరీగలను ఆసియా నుంచి తెచ్చి వదులుతున్నారు. అన్నీ చచ్చిన అడవుల్లో కూడా అక్కడక్కడా కొన్ని చెట్లు పచ్చగా మిగిలాయి. అమెరికా అటవీ శాఖ శాస్త్రవేత్తలు ఒహాయోలో వాటి కొమ్మలతో అంట్లు కట్టి, ఒకదానితో ఒకటి సంకరం చేసి, పిల్లల్లో పురుగును తట్టుకునేవాటిని ఏరుతున్నారు. మీ పెరటి కంచె పక్కన తనంతట తాను మొలిచిన యాష్ మొక్క ఉంటే పీకకండి. కాండం బొటనవేలంత లావయ్యేదాకా పురుగు సాధారణంగా దాని జోలికి రాదు. ఆ తర్వాత ఏటా వేసవిలో బెరడు మీద ఒకవైపు తిన్నగా, మరోవైపు గుండ్రంగా ఉండే మూడు నాలుగు మిల్లీమీటర్ల రంధ్రాలు కనిపిస్తున్నాయేమో చూస్తూ ఉండండి.