మ్యూజియం ఫొటో అడిగితే ఎందుకంత ఆలస్యం?

మ్యూజియాల్లోని పాత ఫొటోల్లో చాలావాటిని తీసిన రోజుల్లో ఎవరూ సేకరణగా చూడలేదు. వస్తువుల రికార్డు కోసమో, తవ్వకాల నివేదిక కోసమో తీయించి, పని అయ్యాక బీరువాలో పెట్టేశారు. అందుకే చాలా ఫొటోలకు రిజిస్టర్లో ఒక్క వరుస తప్ప వివరం ఉండదు, వెతకడానికే సమయం పడుతుంది. కేటలాగులో వెతికేటప్పుడు ఊరి పేరు ఇప్పటి స్పెల్లింగుతో దొరక్కపోతే పాత స్పెల్లింగుతోనూ చూడాలి.

మిగతా ఆలస్యం ఫొటో దేనిమీద ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది. 1851లో వచ్చిన తడి కొలోడియన్ పద్ధతితో (గాజుపై రసాయన పూత పూసి, అది ఆరకముందే ఫొటో తీసేవారు) గాజు పలకల కాలం మొదలైంది. 1889లో ఈస్ట్‌మన్ కంపెనీ అమ్మకానికి తెచ్చిన నైట్రేట్ ఫిల్మ్ సులువుగా మండుతుంది. దాని స్థానంలో వచ్చిన అసిటేట్‌కు 'సేఫ్టీ ఫిల్మ్' అని పేరు. కానీ పాతబడితే వెనిగర్ వాసన వేస్తుంది. అడుగు పొర కుంచించుకుపోయి, పైనున్న బొమ్మ పొర ముడతలు పడుతుంది. ఈ క్షయాన్ని ఆపలేరు, చలిలో ఉంచి నెమ్మదింపజేయగలరంతే. చల్లని గదిలోంచి తీసిన ఫిల్మ్ సంచిని వెంటనే విప్పితే ఫిల్మ్‌పై తేమ పడుతుంది. గది వేడికి వచ్చేదాకా మూసే ఉంచాలి కాబట్టి అడిగిన పూటే చూపించడం కుదరదు.

గాజు పలకల స్కాన్ అందితే ఒకటి తప్పక గమనించండి. పలకకు మెరిసే వైపు గాజు, మసకగా ఉండేది బొమ్మ పొర. పలకను తిరగేసి స్కాన్ చేస్తే ఎడమ కుడి అవుతుంది. ఫొటోలో బోర్డుల మీది అక్షరాలు ఉంటే ఇట్టే తెలిసిపోతుంది. అవి లేనప్పుడు చొక్కా గుండీలు ఏ వైపున ఉన్నాయో చూడాలి.

హక్కుల చిక్కు వేరు. పలక మ్యూజియానిదైనా కాపీరైట్ ఫొటోగ్రాఫర్‌దో వారసులదో కావచ్చు. గడువు దేశాన్నిబట్టి మారుతుంది. గడువు తీరిన చిత్రానికి ఉన్నదున్నట్టు తీసిన నకలుకు కొత్త హక్కు పుట్టదని 1999లో అమెరికా కోర్టు ఒకటి తీర్పిచ్చింది. 2008లో అమెరికా ప్రభుత్వ గ్రంథాలయమైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 3,000కు పైగా ఫొటోలను ఫ్లికర్ అనే ఫొటోల వెబ్‌సైట్‌లో పెట్టింది. చూసినవాళ్లు మనుషులనూ ఊళ్లనూ గుర్తుపట్టి చెబితే, వాటిని సరిచూసుకుని కేటలాగునే సవరించుకుంది. 2017లో న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం తన దగ్గరున్న గడువు తీరిన కళాఖండాల చిత్రాలను ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చని ప్రకటించింది. మిగతా మ్యూజియాలు కూడా ఈ దారినే పట్టాలి.

అడిగేటప్పుడు యాక్సెషన్ నంబర్ (మ్యూజియం రిజిస్టర్లో ఆ ఫొటోకు ఇచ్చిన సంఖ్య), వాడకం, అచ్చు కొలత మూడూ రాయండి. 8x10 అంగుళాల అచ్చుకు 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) చొప్పున 2400x3000 పిక్సెళ్లు కావాలి. వెనక వైపు స్కాన్ కూడా కోరండి: స్టూడియో ముద్ర, చేతిరాత తేదీ తరచూ అక్కడే ఉంటాయి. స్కానింగ్ ఖర్చు, ప్రచురణ రుసుం వేర్వేరు. బిల్లు రెంటినీ విడిగా చూపేలా అడగండి.