వితంతువు బిడ్డ, ఆ తర్వాతే అనాథ

2015 బాలల న్యాయ చట్టంలో 45వ సెక్షన్ ఆర్థిక సాయం ఎవరికి ఇవ్వాలో చెప్తుంది. అందులో మొదటి వరుస అనాథది కాదు. వితంతువు, విడాకులు పొందిన తల్లి, కుటుంబం వదిలేసిన తల్లి, వీళ్ల పిల్లలు ముందు. బంధువుల ఇంట్లో పెరిగే అనాథ రెండో వరుసలో వస్తాడు. ప్రాణాంతక రోగం వచ్చినవాళ్ల పిల్లలు, ప్రమాదంలో మంచాన పడ్డవాళ్ల పిల్లలు ఆ తర్వాత. పిల్లల రక్షణకు కేంద్రం పెట్టిన మిషన్ వాత్సల్య పథకంలో నెలకు 4,000 రూపాయలు ఇచ్చేది ఈ లెక్కనే. 1850 నుంచి లెక్కేస్తే, ఇంత చిన్న వరుస రాయడానికి మన దేశానికి నూట అరవై ఏళ్లకు పైనే పట్టింది.

గుంటూరు సీమకు అనాథలంటే మొదట గుర్తొచ్చేది కరువు. 1832-33 నందననామ సంవత్సరపు డొక్కల కరువులో జిల్లాలోని 5 లక్షల మందిలో లక్షన్నర మంది పోయారని అంచనా. కృష్ణకు ఆనకట్ట కట్టాలన్న ఆలోచన బలపడింది ఆ చావుల తర్వాతే. బెజవాడ దగ్గర అది 1855కి పూర్తయింది. మిగిలిపోయిన పిల్లల కోసం మాత్రం అప్పటి సర్కారు పెద్దగా ఏమీ కట్టలేదు. 1850లో వచ్చిన అప్రెంటిస్ చట్టం అనాథల్ని, పేదింటి పిల్లల్ని పనివాళ్ల దగ్గర కుదిర్చి చేతివృత్తి నేర్పించమంది. అంటే పిల్లవాడు సర్కారు కంటికి ముందు పనిమనిషిగా కనపడ్డాడు. 1890 సంరక్షకుల చట్టం గార్డియన్ని కోర్టు నియమించే దారి చూపింది, కానీ ఆ దారిన నడిచింది ఎక్కువగా ఆస్తి ఉన్న ఇళ్లే.

1920లో మద్రాసు ప్రెసిడెన్సీ దేశంలోనే మొట్టమొదటి బాలల చట్టం తెచ్చింది. బెజవాడ, గుంటూరు రెండూ దాని కిందే ఉండేవి. గొప్పే. అయితే దిక్కులేని పిల్లవాణ్ని, దొంగతనం చేసిన పిల్లవాణ్ని దాదాపు ఒకే గాటన కట్టిందది. ఇద్దరికీ కోర్టే, ఇద్దరికీ గోడల మధ్య బడే. ఆ పోలిక ఎంత లోతుగా పాతుకుందంటే, పాత్రికేయురాలు షీలా బర్సే వేసిన కేసులో 1986లో సుప్రీంకోర్టు పిల్లల్ని జైళ్లలో పెట్టొద్దని చెప్పాల్సి వచ్చింది. అదే ఏడు జమ్మూ కశ్మీర్ తప్ప దేశమంతటికీ ఒకటే బాలల న్యాయ చట్టం వచ్చింది. అందులో అబ్బాయికి 16, అమ్మాయికి 18 దాటితే బాల్యం అయిపోయినట్టే. ఇద్దరికీ 18 అన్నది 2000 నాటి చట్టం.

ఈలోగా 1960లో అనాథాశ్రమాల పర్యవేక్షణకు ఒక చట్టం వచ్చింది. దాని చూపు ఎక్కువగా సంస్థను గుర్తించడం, గుర్తింపు రద్దు చేయడం మీదే. బిడ్డ లోపలికి ఎందుకొచ్చాడు, ఇంటికి ఎప్పుడు వెళ్తాడు అన్నవి దాని ముఖ్యమైన ప్రశ్నలు కావు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చినా, మరో విపత్తు వచ్చినా, చూసేవాళ్లకు తోచే సాయం ఒకటే: పిల్లలకో హాస్టల్.

విజయవాడ కథ కాస్త వేరు. మద్రాసు, హైదరాబాదు, విశాఖ, మచిలీపట్నం, గుంటూరు దారులన్నీ కలిసే జంక్షన్ ఇది. ఇంట్లో దెబ్బలు తిన్నవాడు, బడి మానినవాడు, సినిమా పిచ్చితో బయల్దేరినవాడు ఇక్కడ దిగుతాడు. వీళ్లలో చాలామందికి అమ్మానాన్నలున్నారు. ఎస్‌కేసీవీ ట్రస్టు 1985లో, నవజీవన్ బాలభవన్ 1989లో ఇక్కడ పని మొదలుపెట్టింది ఈ పిల్లల కోసమే. ప్లాట్‌ఫాం మీది పిల్లవాణ్ని పట్టుకుని హోంలో వేస్తే నిలవడని, గోడ దూకి మళ్లీ రైలెక్కుతాడని ముందు తెలిసింది ఇలాంటి సంస్థలకే. 1996లో ముంబైలో మొదలైన 1098 చైల్డ్‌లైన్ ఫోన్ సేవ కూడా వీధి పిల్లల దగ్గర పుట్టినదే.

తర్వాతి దెబ్బ హెచ్‌ఐవీ. కోస్తా జిల్లాల్లో తల్లిదండ్రులిద్దరూ పోయిన ఇళ్లలో పిల్లల్ని సాకింది ఆశ్రమాలు కాదు, అమ్మమ్మలు, నాయనమ్మలు. 2007లో మొదలైన బాలసహయోగ లాంటి కార్యక్రమాలు ఇంటి గడప దగ్గరికే సాయం తీసుకెళ్లాలని చూశాయి. 2017 హెచ్‌ఐవీ చట్టంలో ఒక మంచి సెక్షన్ ఉంది, 32వది: హెచ్‌ఐవీ బారిన పడ్డ ఇంటిని నడుపుతున్న 12 నుంచి 18 ఏళ్లలోపు అక్క గానీ అన్న గానీ, తగిన పరిణతి ఉంటే, తమ్ముడికి బడిలో చేర్పించేందుకు, బ్యాంకు ఖాతాకు, వైద్యానికి సంరక్షకులుగా సంతకం పెట్టొచ్చు. ఇది తెలిసిన బ్యాంకు గుమస్తా దొరకడం అదృష్టమే.

సంస్థ నుంచి ఇంటికి తిరగాలన్న మాట కాగితం మీదికి గట్టిగా ఎక్కింది 2009-10లో, కేంద్రం తెచ్చిన సమీకృత బాలల పరిరక్షణ పథకం (ఐసీపీఎస్)తో. జిల్లా బాలల పరిరక్షణ విభాగాలు పుట్టిందీ దానివల్లే. ఈ మలుపు ఎందుకు అవసరమో 2018లో బయటికొచ్చిన కేంద్ర సర్వే లెక్కల్లో కనిపిస్తుంది. దేశంలో 9,589 హోంలు, వాటిలో 3.7 లక్షలకు పైగా పిల్లలు. అనాథలు 42 వేల లోపే. తల్లో తండ్రో ఒకరున్నవాళ్లు 1.2 లక్షల మంది. అంటే పేదరికమే వీళ్లలో చాలామందిని హోం దాకా తెచ్చింది.

ఇప్పటి పద్ధతి ఇలా ఉంటుంది. స్టేషన్లో ఒంటరి పిల్లవాడు దొరికితే, ప్రయాణ సమయం పోను 24 గంటల్లో బాలల సంక్షేమ సమితి ముందు హాజరుపరచాలి. దొరికిన సంగతి చెప్పకుండా దాచడం నేరం. ఆరు నెలల జైలో, పదివేల జరిమానానో, రెండూనో పడొచ్చు. సమితిలో అధ్యక్షుడు కాక నలుగురు సభ్యులుంటారు. తుది నిర్ణయానికి ముగ్గురు ఉండాల్సిందే. సమావేశం లేని రోజు ఒక్క సభ్యుడి ముందైనా హాజరుపరచొచ్చు కాబట్టి, ఆదివారం అన్నది సాకు కాదు. పిల్లవాడి ఇల్లు, పరిస్థితి కనుక్కుని రాసే సామాజిక విచారణ నివేదికకు 15 రోజులు, తుది ఉత్తర్వుకు 4 నెలలు గడువు. పసిగుడ్డయితే చంటిపిల్లల్ని చూసుకునే శిశుగృహకు పంపి, తల్లిదండ్రుల జాడ కోసం ప్రకటన ఇస్తారు. రెండేళ్లలోపు బిడ్డను 2 నెలల్లో, పెద్దవాణ్ని 4 నెలల్లో దత్తతకు అర్హుడిగా ప్రకటించాలి. 2022 సెప్టెంబరు నుంచి దత్తత ఉత్తర్వు ఇచ్చేది కోర్టు కాదు, కలెక్టరు.

పని చెడేది చాలావరకు విచారణ దగ్గరే. భయంతో పిల్లవాడు పేరు, ఊరు తప్పు చెప్తాడు. ఒడియానో బెంగాలీనో మాట్లాడేవాడైతే మాట తెలిసినవాళ్లు కావాలి. ఊరు తేలాక 95వ సెక్షన్ కింద ఆ జిల్లా సమితికి బదిలీ చేస్తారు, అక్కడ ఇల్లు చూసి రాసే నివేదిక పొడిపొడిగా ఉంటే, ఏ ఇంటి నుంచి పారిపోయాడో ఆ ఇంటికే తిరిగి చేరతాడు. పారిపోవడానికి కారణం అడగని ఇంటి చేర్పు చేర్పు కాదు.

ఇక నెలకు 4,000 సంగతి. కుటుంబ ఆదాయం పల్లెలో ఏడాదికి 72,000, మిగతా చోట్ల 96,000 దాటకూడదు. ఆంధ్రప్రదేశ్‌లో బియ్యం కార్డుకు పెట్టిన ఆదాయ పరిమితి నెలకు పల్లెలో 10,000, పట్టణంలో 12,000. కార్డు ఉంది కదా అని వెళ్లినవాళ్లు ఆదాయ పత్రం దగ్గర ఆగిపోయేది అందుకే. బిడ్డ జనన పత్రం, ఆధార్, తండ్రి మరణ పత్రం, బడి సర్టిఫికెట్, తల్లితోనో సంరక్షకులతోనో కలిపి తీసిన బ్యాంకు ఖాతా కావాలి. పేర్లలో ఒక్క అక్షరం తేడా ఉన్నా ముందు దాన్ని దిద్దించుకోవాలి.

ఇంట్లో పోయిన మనిషి మరణాన్ని 21 రోజుల్లో పంచాయతీలోనో కార్పొరేషన్లోనో నమోదు చేయించకపోవడం మామూలే. ఏడాది దాటితే జిల్లా మేజిస్ట్రేటు, సబ్ డివిజనల్ మేజిస్ట్రేటు, లేదా అధికారం పొందిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. 2023 అక్టోబరుకు ముందు దీనికి ఫస్ట్‌క్లాస్ మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లాల్సి వచ్చేది. వదిలేసి వెళ్లిన భర్తకు మరణ పత్రమే రాదు. ఏడేళ్లు జాడ లేకపోతే తప్ప చట్టం అతన్ని పోయినవాడిగా భావించదు. అలాంటి తల్లి దరఖాస్తు విచారణ నివేదిక మీదే నిలబడుతుంది. అది రాసే మనిషి వీధిలో నలుగురిని అడిగి రాశాడా, ఆఫీసులో కూర్చుని రాశాడా అన్నదే తేడా.

ఇదే మిషన్ వాత్సల్యలో హోంలో ఉన్న బిడ్డ నిర్వహణకు నెలకు 3,000 లెక్కగడతారు; సిబ్బంది జీతాలు వేరు. ఇంట్లో ఉంచుకున్న తల్లికి 4,000. ఖర్చులో కేంద్రం వాటా 60, రాష్ట్రం వాటా 40. సాయం 18 ఏళ్ల వరకే. హోం నుంచి బయటపడిన పిల్లలకైతే 21 దాకా తోడ్పడే వెసులుబాటు చట్టంలో ఉంది. ఇంట్లో అమ్మమ్మ దగ్గర పెరిగినవాడికి ఆ వెసులుబాటు లేదు.