వరద పోయాక వాగులో మిగిలేవి

ఏటి అడుగున ఒక రాయిని తిప్పి చూడండి. పెద్దయ్యాక రెక్కలొచ్చి ఎగిరిపోయే మేఫ్లై పిల్లపురుగులు, గులకరాళ్లతో గూడు కట్టుకున్న క్యాడిస్‌ఫ్లై పురుగులు, చిన్న నత్తలు కనిపిస్తాయి. చేపల తిండిలో పెద్ద భాగం ఇవే. మరి వరదకు ఆ రాయే దొర్లిపోతే ఇవేమవుతాయి?

నిజానికి వరద లేని రోజుల్లో కూడా ప్రవాహం కొన్ని పురుగులను దిగువకు ఈడ్చుకుపోతూనే ఉంటుంది. అయినా ఎగువ వాగులు ఖాళీ కావు. ఉత్తర స్వీడన్ వాగులను పరిశీలించిన శాస్త్రవేత్త కార్ల్ ముల్లర్ 1954లో దీనికి ఒక జవాబు చెప్పాడు. రెక్కలొచ్చిన ఆడపురుగులు ఎగువకు ఎగిరి వెళ్లి గుడ్లు పెడతాయని. అన్ని జాతులకూ ఇది వర్తిస్తుందా అన్న చర్చ ఆ తర్వాత చాలాకాలం నడిచింది. 1959లో రుమేనియాకు చెందిన ట్రయాన్ ఒర్గిదాన్ నది అడుగున, గులకరాళ్ల సందుల్లో నీరు నిండిన చోటును ప్రత్యేక ఆవాసంగా వర్ణించాడు. దాన్నే ఇప్పుడు హైపోరీక్ పొర అంటున్నారు. వరద వేళ కొన్ని పురుగులకు అది దాక్కునే చోటు.

అమెరికాలో, ఆరిజోనాలోని సైకమోర్ క్రీక్ అనే ఎడారి వాగుపై 1982లో వచ్చిన అధ్యయనం నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది. ఉన్నట్టుండి ముంచెత్తే మెరుపు వరదలు అక్కడి నాచును దాదాపు పూర్తిగా, పురుగులను 98 శాతం దాకా తుడిచేశాయి. కానీ గాల్లో ఉన్న, రెక్కలొచ్చిన పురుగులు వచ్చి గుడ్లు పెట్టాయి. కొన్ని జాతులు నెలలోపే చాలా తరాలు గడిపేశాయి. ఆరిజోనా వాగుల్లోనే అబేడస్ అనే పెద్ద నీటి నల్లి ఉంది. దానికి ఎగరడం రాదు. మగది గుడ్లను వీపున మోస్తుంది. పెద్ద వాన జోరుగా పడుతుంటే, వరద ఇంకా రాకముందే అది నీళ్లు వదిలి గట్టెక్కేస్తుంది.

అందరికీ ఈ వెసులుబాటు లేదు. మంచినీటి ఆల్చిప్పల్లో చాలా జాతులు ఎదగడానికి ఏళ్లు పడుతుంది. వాటి లార్వాలు కొంతకాలం చేప మొప్పలకో రెక్కలకో అంటుకుని బతకాలి. ఒక్క పెద్ద వరద వాటి గుంపును ఇసుకలో కప్పేస్తే కోలుకోవడం చాలా కష్టం. కోతకు గురైన నేల నుంచి వచ్చే సన్నటి మట్టి గులకరాళ్ల సందులను పూడ్చేస్తే, దాక్కునే చోటు కూడా ఉండదు. గట్లకు కాంక్రీటు వేసినా, నదిలో గులకరాళ్లు తవ్వేసినా నష్టం ఇలాంటిదే.

1989లో జంక్, బేలీ, స్పార్క్స్ అనే శాస్త్రవేత్తలు మరో మాట ముందుకు తెచ్చారు: పెద్ద నదుల్లో ఏటా వచ్చే వరద ప్రమాదం కాదు, నదినీ దాని మైదానాన్నీ కలిపే ఊపిరి లాంటిది. వరదను పూర్తిగా ఆపేసినా నష్టమేనని ఆనకట్టలు చూపించాయి. అమెరికాలో కొలరాడో నదిపై గ్లెన్ కెన్యన్ ఆనకట్ట 1963లో నీటిని నిలపడం మొదలుపెట్టింది. 1996లో అక్కడ వారం రోజులు కావాలని వరద వదిలారు. 2008లో మళ్లీ వదిలినప్పుడు, బయటి నుంచి వచ్చి తిష్ట వేసిన న్యూజిలాండ్ బురద నత్తలు బాగా తగ్గాయి.

ఆ నదిలో మిగిలిన చిక్కు వరదది కాదు, కరెంటుది. విద్యుత్ ఉత్పత్తి కోసం నీటిమట్టం రోజూ పెరిగి తగ్గుతుంటే ఒడ్డు రాళ్లపై పెట్టిన గుడ్లు ఎండిపోతున్నాయి. అందుకే 2018 వేసవి నుంచి కొన్నేళ్లు శని, ఆదివారాల్లో నీటిమట్టాన్ని కదలకుండా తక్కువగా ఉంచి చూశారు, అప్పుడు పెట్టిన గుడ్లు తర్వాత నీళ్లలోనే ఉంటాయని.